డ్యూయల్ యాక్షన్ అని రోటరీ పాలిషర్ అంటగట్టారు, బానెట్ పెయింట్ పోయింది. పరిహారం వస్తుందా?

ప్రశ్న: మాది గుంటూరు. ఎండలో చూస్తే నా నల్ల కారు మీద సాలెగూడులా సన్నటి గీతలు కనిపిస్తున్నాయి. ఇంట్లోనే పాలిష్ చేసుకుందామని ఆన్‌లైన్‌లో రూ.4,200 పెట్టి మెషిన్ కొన్నాను. ప్రకటనలో ‘డ్యూయల్ యాక్షన్ ఆర్బిటల్ పాలిషర్, కొత్తవాళ్లకు సురక్షితం’ అని ఉంది. వచ్చిన పన్నెండో రోజున వాడితే బానెట్ అంచున పెయింట్ లేచిపోయి ప్రైమర్ బయటపడింది. తెలిసిన పెయింటర్ చూసి, ఇది రోటరీ మెషిన్ అన్నాడు. బానెట్‌కు మళ్లీ పెయింట్ వేయాలంటే రూ.8,000 అవుతుందట. అమ్మినవాళ్లేమో ‘ఏడు రోజుల రిటర్న్ గడువు దాటింది, పైగా వాడటం రాక మీరే పాడుచేసుకున్నారు’ అంటున్నారు. ఆఫీసులో మిత్రుల కార్లకూ పాలిష్ చేసి నాలుగు డబ్బులు సంపాదిద్దామనుకున్నాను. అది కేసుకు అడ్డమవుతుందా? ఈసారి ఏ మెషిన్ కొనాలి?

జవాబు: పెయింటర్ మాట నిజమో కాదో ముందు మీరే తేల్చుకోండి. ప్లగ్ తీసేసి, ప్యాడ్ విప్పి, దాని వెనకున్న గుండ్రటి ప్లేటును చేత్తో తిప్పండి. రోటరీ అయితే ప్లేటు ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. డ్యూయల్ యాక్షన్ అయితే తిరుగుతూనే పక్కలకు ఊగుతుంది. ఎంత ఊగుతుందో ఆ కొలతను 8, 15, 21 మి.మీ. అంటూ కంపెనీలు గొప్పగా చెప్పుకుంటాయి. మీ డబ్బా మీద అలాంటి కొలతే లేకుండా ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) అంకె ఒక్కటే ఉంటే పెయింటర్ చెప్పిందే నిజమయ్యే అవకాశం ఎక్కువ. ప్లేటు తిప్పేటప్పుడు పక్కన ఇంకొకరి చేత వీడియో తీయించండి, మెషిన్ సీరియల్ నంబరు కూడా అందులో పడాలి. మీ కేసుకు ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

ఈ తేడా చిన్నది కాదు. మామూలు డ్యూయల్ యాక్షన్ మెషిన్‌ను గట్టిగా అదిమితే ప్యాడ్ తిరగడం మానేస్తుంది, కాబట్టి చేయి తిరగనివాళ్లకు అదే ఒక రక్షణ. రోటరీ అలా ఆగదు. అదే చోట రాపిడి పెట్టి వేడి పుట్టిస్తుంది. కంపెనీ నుంచి వచ్చిన కారుకు మొత్తం పెయింట్ మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్), అందులో పైనుండే క్లియర్ కోట్ 40-50 మైక్రాన్లకు అటూ ఇటూ. అంచుల దగ్గర అది ఇంకా పల్చన. అందుకే ‘కొత్తవాళ్లకు సురక్షితం’ అన్నది ఉత్తి ప్రచారపు మాట అని వాళ్లు తప్పించుకోలేరు. ఆ మాట నమ్మే మీరు కొన్నారు.

ఇక చట్టం సంగతి. చాలామంది ‘మెషిన్‌లో లోపం ఉంది’ అని ఫిర్యాదు రాస్తారు. మీరు అలా రాయకండి. లోపం అంటే ల్యాబ్ పరీక్ష అనే మాట వస్తుంది, దాని ఫీజు మీరే కట్టాలి, కేసు తేల్చడానికి చట్టం చెప్పిన మూడు నెలల గడువు కూడా ఐదు నెలలవుతుంది. (ఆచరణలో ఆ మూడు నెలలు ఎన్ని నెలలవుతాయో కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లను అడగండి.) మీ మెషిన్ బహుశా రోటరీగా బాగానే పనిచేస్తోంది. మీ ఫిర్యాదల్లా ఒక వస్తువు చూపించి ఇంకో వస్తువు పంపారని. వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు, 2020లోని 6వ నియమం ప్రకారం, ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోబోమని, డబ్బు తిరిగివ్వబోమని అమ్మకందారు అనడానికి వీల్లేదు. ఏడు రోజుల గడువు మనసు మార్చుకున్న కొనుగోలుదారుకు పెట్టుకోవచ్చు. అబద్ధపు వర్ణనతో అమ్మిన సరుకుకు అది కవచం కాదని గట్టిగా వాదించవచ్చు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ రెండేళ్ల గడువు ఇచ్చింది, కాబట్టి టెన్షన్ పడొద్దు. కానీ స్క్రీన్‌షాట్ మాత్రం ఈరోజే తీసుకోండి. ఫిర్యాదు అందగానే ప్రకటనలో ‘డ్యూయల్ యాక్షన్’ అనే మాట ఎగిరిపోతుంది. ఇలాంటి కేసుల్లో ఇది మామూలే.

మెషిన్ డబ్బు వరకు మీ కేసు బలంగా ఉంది. బానెట్ ఖర్చు దగ్గరే అసలు పోరాటం. ఇక్కడ అదే చట్టంలోని ‘ప్రొడక్ట్ లయబిలిటీ’ (వస్తువు వల్ల జరిగిన హానికి బాధ్యత) అధ్యాయం, అంటే 82 నుంచి 87 వరకు సెక్షన్లు మీకు పనికొస్తాయి. ఒక వస్తువు వల్ల వేరే ఆస్తికి జరిగిన నష్టం కూడా చట్టం చెప్పే ‘హాని’ కిందికి వస్తుంది, మీ కారు ఆ వేరే ఆస్తి. వస్తువు గురించి ఇచ్చిన వర్ణనకు అది సరిపోకపోయినా, సరిగ్గా వాడే విధానమూ తప్పుగా వాడితే ఏమవుతుందన్న హెచ్చరికా తగినంతగా ఇవ్వకపోయినా తయారీదారు బాధ్యుడవుతాడు. విదేశంలో తయారైన మెషిన్ మీద ఇక్కడి కంపెనీ తన పేరు అంటించుకుంటే, చట్టం దృష్టిలో ఆ కంపెనీయే తయారీదారు. తయారీదారు ఎవరో తెలియకపోతే అమ్మకందారు మీద పడుతుంది. డబ్బా పారేయొద్దని చెప్పేది అందుకే. దిగుమతిదారు పేరు, చిరునామా దాని మీదే ఉండాలి.

వాళ్లు ఎత్తే అభ్యంతరం 87వ సెక్షన్: వస్తువును దుర్వినియోగం చేస్తే అమ్మకందారు మీద ప్రొడక్ట్ లయబిలిటీ దావా నిలవదు. కాబట్టి మీరు నాకు చెప్పనివి కొన్ని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి. మెషిన్‌తో వచ్చిన కాగితం చదివారా? అంచులకు టేపు వేయమని అందులో ఉందా? మొదట రంగు ప్యాడ్‌కు అంటుకుంటున్నప్పుడే ఆపారా, ఇంకాసేపు రుద్దారా? స్పీడు ఎంతలో పెట్టారు? డ్యూయల్ యాక్షన్ అనుకుని ఆ మెషిన్‌కు తగ్గట్టే వాడానని మీరు నిజాయితీగా చెప్పగలిగితే, దుర్వినియోగం అనే వాదన తేలిపోతుంది. ప్రైమర్ కనిపించాక కూడా రుద్ది ఉంటే రూ.8,000 పూర్తిగా వస్తుందని ఆశపెట్టుకోకండి.

కేసు వేసేదాకా బానెట్‌కు పెయింట్ వేయించకండి. ఆగలేకపోతే ముందు ఫొటోలు తీసి, పెయింట్ మందం కొలిచే మీటర్ ఉన్న షాపులో దెబ్బతిన్న చోటా బాగున్న చోటా రీడింగులు తీయించి, ఎస్టిమేట్ లెటర్‌హెడ్ మీద తీసుకోండి. పెయింటర్ ఏం చూశాడో సంతకంతో రాసిస్తే ఇంకా మంచిది. మెషిన్‌ను కొరియర్‌లో తిప్పి పంపమని తీపి మాటలు చెబితే, డబ్బు ఖాతాలో పడేదాకా పంపకండి.

తర్వాత ప్లాట్‌ఫామ్ (మీరు మెషిన్ కొన్న వెబ్‌సైట్) గ్రీవెన్స్ ఆఫీసర్‌కు, అంటే ఫిర్యాదులు చూసే అధికారికి, ఈమెయిల్ పెట్టండి. 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కూ ఫోన్ చేయండి, చిన్న మొత్తాలు చాలాసార్లు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే గుంటూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్. అమ్మకందారు ఏ రాష్ట్రంలో ఉన్నా మీరు నివసించే చోటే కేసు వేయవచ్చని 34వ సెక్షన్ చెబుతోంది. వస్తువుకు చెల్లించిన ధర రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, లాయర్ తప్పనిసరి కాదు (ఈ మాట నేనే చెబితే మా బార్ అసోసియేషన్‌లో లాయర్ మిత్రులు ఊరుకోరు). అమ్మకందారు, ప్లాట్‌ఫామ్, డబ్బా మీదున్న కంపెనీ, ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి. ప్లాట్‌ఫామ్ తాను మధ్యవర్తిని మాత్రమే అంటుంది. అననివ్వండి. అమ్మకందారు పేరు, చిరునామా చూపించే బాధ్యత ఎలాగూ దానిదే.

మిత్రుల కార్ల సంగతికి వస్తే జాగ్రత్త. వ్యాపారం కోసం కొన్నవారు ఈ చట్టంలో వినియోగదారు కారు. స్వయం ఉపాధితో బతకడానికే కొన్నవారికి మినహాయింపు ఉంది, కానీ నెల జీతం వచ్చే మీకు అది అతకదు. మీ మెషిన్ మొదట పెట్టింది సొంత కారు మీదే, ఎవరి దగ్గరా రూపాయి తీసుకోలేదు. అదే ఫిర్యాదులో రాయండి. వ్యాపారానికి కొన్నారని రుజువు చేసే భారం ఎదుటివారిదేనని సుప్రీంకోర్టు 2024లో ఒక చిట్‌ఫండ్ కేసులో చెప్పింది. అయితే ‘కారుకు ఇంత’ అంటూ వాట్సాప్ గ్రూపులో ఏదైనా పెట్టి ఉంటే వాళ్ల పని తేలికవుతుంది.

కొత్త మెషిన్ గురించి నేను చెప్పేది కొంతే. సొంత కారుకు, అదీ నేర్చుకుంటున్నప్పుడు, 8 లేదా 15 మి.మీ. డ్యూయల్ యాక్షన్ చాలు. బానెట్, డోర్ల వంటి వెడల్పాటి చోట్ల 21 మి.మీ. పని త్వరగా చేస్తుంది గానీ ఇరుకు చోట్ల ఇబ్బంది. రోటరీ లోతు గీతల్ని త్వరగా తీస్తుంది, దాన్ని చేయి తిరిగిన పెయింటర్‌కే వదిలేయండి. గ్రైండర్‌కు ప్యాడ్ బిగించే చవక ఏర్పాటు జోలికి అసలు వెళ్లకండి, నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి పదివేల పైచిలుకు చుట్లు తిరుగుతుంది. షాపులో కొంటే ప్లేటు అక్కడే తిప్పి చూడండి. బిల్లు మీద ‘పాలిషర్’ అని ఒక్క ముక్క రాస్తే ఒప్పుకోకుండా, ‘డ్యూయల్ యాక్షన్, ఇన్ని మి.మీ.’ అని, మోడల్ నంబరుతో సహా రాయించుకోండి.