ఉమ్మడి కాలువ, సొంత బోరు

అమలాపురం

చి. అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం చేరింది. ఐరోపా సమాఖ్యలో కొత్తగా చేరిన దేశాలు పేద దేశాలకు చేసే సహాయం ఎలా మారిందన్న విషయం మీద మన భాషలో రాసేవారు తక్కువ కనుక, నువ్వు దాన్ని ఎంచుకున్నందుకు సంతోషించాను. అయితే మొదటి వాక్యం దగ్గరే ఆగవలసి వచ్చింది. సభ్యత్వం రాగానే ఆ దేశాల పుచ్చుకునే చెయ్యి ఇచ్చే చెయ్యి అయిందని రాశావు. వినసొంపుగానే ఉంది గాని, లెక్కల ముందు నిలవదు.

నీ వయసులో నేనూ ఇలాంటి వాక్యమే ఒకటి రాశాను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి కావడంతో డెల్టా యావత్తూ సస్యశ్యామలమైందని ఒక వారపత్రికలో రాస్తే, కాలువ చివరి ఊరి రైతు ఒకాయన నాకు కార్డు ముక్క రాశాడు: "మా చేలోకి నీరు వచ్చిన రోజున కబురు పెడతాం, వచ్చి చూడండి." సిగ్గుపడి, కబురు రాకుండానే వెళ్ళాను. 1997 చట్టంతో నీటి సంఘాలు ఏర్పడ్డాక అదే ఊరికి మళ్ళీ వెళ్ళి, ఒక ఎగువ రైతు బోదె గట్టున రెండు రోజులు కూర్చున్నాను. ఆయన నీటి తీరువా కట్టేవాడు, పూడికతీతకు మనిషిని పంపేవాడు, తన వంతు కాగానే తూము పలక దించి నీటిని కిందికి వదిలేవాడు. రాత్రి కరెంటు వచ్చాక తోడిన సొంత బోరు నీళ్ళు మాత్రం శివారు రైతుకు కాక గట్టవతలి బావమరిది చేనుకు పోయేవి. అందులో తప్పేమీ లేదు, అది ఆయన నీరు. సంఘం కట్టుబాటు కాలువ నీటి వరకే.

నీ వ్యాసంలో ఈ రెండు నీళ్ళూ కలిసిపోయాయి. సమాఖ్య ఉమ్మడి బడ్జెట్‌కు ప్రతి సభ్యదేశమూ తన వాటా కట్టి తీరాలి. అందులో విదేశీ సహాయానికి పోయే భాగం ఆ దేశం చేసిన సహాయంగానే లెక్కకెక్కుతుంది. 2004 మే 1న చేరిన పది దేశాలలో చాలావాటి సహాయం ఒక్కసారిగా పెరిగినట్టు కనిపించడానికి ముఖ్య కారణం ఇదే. పోలాండ్ సహాయంలో చాలా ఏళ్ళపాటు సగానికి పైగా వాటా అంతర్జాతీయ సంస్థల ద్వారా, ప్రధానంగా సమాఖ్య కేంద్రమైన బ్రస్సెల్స్ ద్వారా పోయిందే. అప్పట్లో బడ్జెట్‌కు వెలుపల ఉండిన ఐరోపా అభివృద్ధి నిధికి కూడా ఈ దేశాలు 2008లో మొదలైన పదో విడత నుంచి చందా కట్టాయి. ఆ నిధి ఆఫ్రికా, కరీబియన్, పసిఫిక్ దేశాల కోసం ఏర్పడింది. ఆ దేశాలను ఏనాడూ ఏలని ఎస్టోనియా, ఒకప్పుడు ఫ్రాన్స్ ఏలిన దేశాల అవసరాలకు పైకం కట్టడమంటే ఏమిటో ఒక పేరా రాయి. నీ వ్యాసంలో అన్నిటికంటే ఆసక్తికరమైన చోటు అదే అవుతుంది.

ఇక సొంత బోరు సంగతి, అంటే ఆ దేశాలు తమంతట తాము నేరుగా ఇచ్చే సహాయం. 2005 మేలో సమాఖ్య లక్ష్యాలు పెట్టుకున్నప్పుడు కాలువ వాటా కూడా కలుపుకొని పాత సభ్యులు స్థూల జాతీయాదాయంలో 2010కి 0.51 శాతం, 2015కి 0.7 శాతం ఇవ్వాలనీ, కొత్తవారు అవే గడువులకు 0.17, 0.33 శాతం ఇవ్వడానికి ప్రయత్నించాలనీ అనుకున్నారు. 2015 నాటికి కొత్తవారిలో ఒక్కరూ 0.33కి చేరలేదు, చెక్, పోలాండ్, హంగరీ, స్లొవేకియాలు 0.1 శాతానికి కాస్త అటూ ఇటూగా ఆగాయి. పాతవారిలోనూ ఎక్కువమంది మాట తప్పారు కాబట్టి కొత్తవారినే దులపరించవద్దు. చేరికకు ముందు పాడిపరిశ్రమకూ పర్యావరణానికీ సంబంధించి వేల పేజీల చట్టాలను ఈ దేశాలు తలకెత్తుకోవలసి వచ్చింది గాని, సహాయం విషయంలో నిలదీసి అమలు చేయించే చట్టం దాదాపు లేదు. గట్టి పట్టు లేనిచోట ఆకారం మారింది, పరిమాణం మారలేదు. స్లొవేకియా 2003లో స్లొవాక్ ఎయిడ్ అనే సహాయ కార్యక్రమం పెట్టింది, చెక్ ప్రభుత్వం 2008లో అభివృద్ధి ఏజెన్సీ నెలకొల్పింది, పోలాండ్ 2011లో విదేశీ సహాయం మీద చట్టం చేసింది.

ఇక్కడ కాలక్రమం విషయంలో జాగ్రత్త. చెక్ సహాయం తిరిగి మొదలైంది 1995లో. అదే ఏడాది ఆ దేశం ప్రధానంగా సంపన్న దేశాల కూటమి అయిన ఓఈసీడీలో చేరింది, సమాఖ్యలో చేరడానికి ఇంకా తొమ్మిదేళ్ళుంది. పైగా "తిరిగి" అన్న మాటను గమనించు. సోషలిస్టు కాలంలో, చెక్, స్లొవేకియాలు ఒకే దేశంగా ఉన్నప్పటి చెకొస్లొవేకియా క్యూబాకు, వియత్నాంకు, మంగోలియాకు సహాయం చేసింది. ఆ మంగోలియా ఆ తర్వాత కొన్నేళ్ళు చెక్ సహాయ ప్రాధాన్య దేశాల పట్టికలోనూ ఉండింది. కనుక ఇచ్చే చెయ్యి కొత్తగా మొలిచిందనడం చెల్లదు.

బోరు నీళ్ళు ఎటు పోయాయో నువ్వు బాగానే పట్టుకున్నావు: ఉక్రెయిన్, మోల్డోవా, జార్జియా, బాల్కన్ దేశాలు. కాని దానిని స్వార్థమని ఒక్క మాటలో తేల్చేశావు. పోలాండ్, స్వీడన్ 2008లో ప్రతిపాదించగా, చెక్ అధ్యక్షతలో 2009 మేలో ప్రాగ్‌లో తూర్పు భాగస్వామ్యం, అంటే ఉక్రెయిన్, మోల్డోవా, జార్జియా వంటి తూర్పు పొరుగు దేశాలతో సమాఖ్య పెట్టుకున్న ఉమ్మడి కార్యక్రమం, ప్రారంభమైంది. అంటే కొత్త సభ్యులు తమ బావమరిది చేనుకు ఉమ్మడి కాలువ నుంచే ఒక పిల్లకాలువ తవ్వించుకున్నారన్నమాట. సభ్యత్వం వారిని మార్చినంతగానూ వారు సమాఖ్య చూపును తూర్పుకు తిప్పారని నా అభిప్రాయం. నువ్వు ఒప్పుకోకపోతే లెక్కలతో ఎదిరించు, సంతోషిస్తాను.

సమాఖ్య పద్ధతులను ఈ దేశాలు తమవిగా చేసుకున్నాయని చెప్పడానికి "ప్రమాణాల అంతర్గతీకరణ" అన్న మాట ఆరుచోట్ల వాడావు. ఆరుచోట్లా తీసేసి, ఎవరు ఎంత కట్టారో, ఎవరికి ముట్టిందో రాసి చూడు. నాలుగో పేజీలో స్లొవేనియా అని ఉండవలసిన చోట స్లొవేకియా అని పడింది. 2013లో రెండూ ఓఈసీడీ అభివృద్ధి సహాయ కమిటీలో చేరడం వల్ల ఆ వాక్యం ఎలా చదివినా నిజంలాగే కనిపిస్తుంది, అచ్చు దిద్దేవాళ్ళు పట్టుకోలేరు. నువ్వే సరిచేసి, కాలువలు కట్టేసేలోగా మళ్ళీ పంపు.