పాత సీఎన్‌సీ మిల్లుకు స్పీడ్ కంట్రోల్: డ్రైవ్ పెట్టండి, పుల్లీలు మాత్రం పీకెయ్యకండి

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర చిన్న వర్క్‌షాపు. ఏరేటర్ గేర్‌బాక్సు మూతలు, రైస్ మిల్లు బుష్‌లు చేస్తాం. పాత సీఎన్‌సీ మిల్లు ఉంది. 3 హెచ్‌పీ, 1440 ఆర్‌పీఎం, 415 వోల్టుల మోటారు. నాలుగు మెట్ల పుల్లీ, కటర్‌ను తిప్పే స్పిండిల్ స్పీడు 450, 900, 1600, 2800 ఆర్‌పీఎం. కంట్రోలు కంప్యూటర్లో మాక్3 సాఫ్ట్‌వేర్, ప్యారలల్ పోర్టు బోర్డు. ఎం3 (స్పిండిల్ తిప్పమనే కమాండు) కొడితే కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే స్విచ్) పడుతుంది, ఎస్ (స్పీడు అంకె) ఎంత ఇచ్చినా స్పీడు మారదు. వీఎఫ్‌డీ (కరెంటు ఫ్రీక్వెన్సీ మార్చి మోటారు స్పీడు మార్చే డ్రైవ్) పెట్టి బెల్టు మార్చే గొడవ పూర్తిగా వదిలించుకోవచ్చా?

జవాబు:

వీఎఫ్‌డీ పెట్టొచ్చండి, మంచి పని. కానీ బెల్టు గొడవ పూర్తిగా వదలదు. నాలుగు మెట్లు రెండవుతాయి, అంతే. ఈ సంగతి ముందు తేల్చుకోకపోతే డ్రైవ్ పెట్టాక "ఇదివరకే బావుండేది" అనిపిస్తుంది.

ఎందుకంటే, 50 హెర్ట్జ్ లోపల డ్రైవ్ మోటారు టార్కును నిలబెడుతుంది గానీ పవర్‌ను నిలబెట్టలేదు. స్పీడు సగమైతే పవరూ సగమే. మీ మోటారు 2.2 కిలోవాట్లు, ఫుల్ లోడు టార్కు సుమారు 14.6 న్యూటన్ మీటర్లు. పోత ఇనుము మూతకు 63 మి.మీ. కార్బైడ్ ఫేస్ మిల్లు పట్టించారనుకోండి. నిమిషానికి 120 మీటర్ల కటింగ్ స్పీడుకు 600 ఆర్‌పీఎం కావాలి. బెల్టు 900 మెట్టు మీద ఉంటే ఆ 600కి డ్రైవ్ 33 హెర్ట్జ్ ఇస్తుంది. స్పిండిల్ దగ్గర 23 న్యూటన్ మీటర్లు, దాదాపు 1.47 కిలోవాట్లు దొరుకుతాయి. అదే బెల్టును 2800 మీద వదిలేసి ఎస్600 కొడితే డ్రైవ్ 10.7 హెర్ట్జ్‌కి దిగుతుంది. చేతికొచ్చేది 7.5 న్యూటన్ మీటర్లు, అర కిలోవాటు కూడా కాదు. కటర్ లోహంలోకి దిగగానే స్పిండిల్ మూలిగి ఆగుతుంది, లేదా డ్రైవ్ ఓవర్‌లోడ్ కొట్టేస్తుంది. డ్రైవ్ బాగోలేదని దుకాణానికి తిరిగిచ్చే కేసుల్లో చాలావరకు అసలు రోగం ఇదే.

కాబట్టి 900, 2800 రెండు మెట్లు ఉంచుకోండి. డ్రైవ్‌ను 15 నుంచి 60 హెర్ట్జ్ మధ్య నడపండి. మొదటి దాంట్లో 270 నుంచి 1080 దాకా, రెండో దాంట్లో 840 నుంచి 3360 దాకా వస్తుంది. మధ్యలో 840 నుంచి 1080 దాకా రెండింట్లోనూ కలుస్తుంది గనక ఏ పనికి ఏ మెట్టో తేలిగ్గా తేలుతుంది. పెద్ద ట్యాపులు, పెద్ద బోరింగు బార్లు వచ్చినప్పుడే 450 మెట్టు. 75 హెర్ట్జ్ దాకా తోస్తే 4200 వస్తుందని ఆశపడొద్దు. మీ స్పిండిల్‌కి తయారీదారు ఇచ్చిన గరిష్ఠం 2800. 3360 కూడా బేరింగ్ నంబరు చూసి, దాని లిమిట్ స్పీడు తెలుసుకున్నాకే. పది నిమిషాలు ఖాళీగా తిప్పి స్పిండిల్ ముక్కు దగ్గర వేడి కొలవండి. 60 డిగ్రీలు దాటుతుంటే అక్కడితో ఆపి 2800కే కట్టేసుకోండి.

ఇక సామాను. 2.2 కిలోవాట్ల మోటారుకి 3.7 కిలోవాట్ల, త్రీ ఫేజ్ 415 వోల్టుల, సెన్సర్‌లెస్ వెక్టర్ డ్రైవ్ తీసుకోండి. ఒక సైజు ఎక్కువ ఎందుకంటే ఫేస్ మిల్లింగు లోడు ఒక్కసారిగా పడి లేస్తుంటుంది. ఇన్‌పుట్‌కి డ్రైవ్ మాన్యువల్లో చెప్పిన రేటింగు ఎంసీబీ, సీ కర్వ్‌ది. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (ఎర్త్‌కి కరెంటు లీకైతే కట్ చేసే బ్రేకరు) వెనకాల డ్రైవ్ పెడితే లీకేజీకి ఊరికే పడిపోతుంటుంది. మోటారుకి 2.5 చదరపు మి.మీ. నాలుగు కోర్ల షీల్డెడ్ కేబులు, పొడవు పది మీటర్ల లోపు. సిగ్నల్‌కి షీల్డున్న రెండు కోర్ల సన్న వైరు, 24 వోల్టుల చిన్న రిలేలు రెండు, ఒక లేజర్ టాకోమీటరు. షాపులో సింగిల్ ఫేజే ఉంటే 230 వోల్టుల డ్రైవ్ కూడా పనిచేస్తుంది. అప్పుడు మోటారు వైండింగు కనెక్షనును స్టార్ నుంచి డెల్టాకి మార్చాలి. టెర్మినల్ బాక్సులో ఆరు కొసలు బయటికి ఉంటేనే అది కుదురుతుంది. మూడే ఉంటే వైండింగు విప్పి స్టార్ పాయింటు బయటికి లాగాలి. పైగా ఇన్‌పుట్ కరెంటు 24 ఆంపియర్ల దాకా లాగుతుంది, మీటరు, సర్వీసు వైరు తట్టుకుంటాయో లేదో చూసుకోండి.

డ్రైవ్ కొనకముందే మోటారుకు 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టండి. డ్రైవ్ తగిలించాక మాత్రం మెగ్గర్ జోలికి వెళ్లొద్దు, డ్రైవ్ లోపలి ట్రాన్సిస్టర్లు ఠపీమంటాయి. వానాకాలంలో మన వైపు మూలనున్న మోటార్లకు రీడింగు ఒక మెగా ఓమ్ దగ్గరికి కూడా పడిపోతుంది. కనీసం 5 వచ్చేదాకా బల్బు పెట్టి ఆరబెట్టండి. డ్రైవ్ లోపలి డీసీ వోల్టేజీ (డీసీ బస్) సుమారు 587 వోల్టులు. కేబులు పొడుగైతే అవతలి కొసన అలలు తిరగబడి మోటారు దగ్గర శిఖరం దానికి రెండింతల దాకా పోతుంది. ముప్పై ఏళ్ల నాటి వైండింగు వార్నిష్ దానికి ఆగదు. ఎలాగూ రీవైండింగు చేయించేట్టయితే డబుల్ కోటు రాగి వైరు వాడమని ముందే చెప్పండి.

ప్యానెల్లో పాత వైరింగు దగ్గర జాగ్రత్త. డ్రైవ్‌లు ఎక్కువగా చచ్చేది ఇక్కడే.

పాత కాంటాక్టర్‌ను డ్రైవ్‌కూ మోటారుకూ మధ్యలో వదిలెయ్యకండి. తిరుగుతుండగా అది తెరుచుకుంటే ఆ దెబ్బ డ్రైవ్ మీద పడుతుంది. డ్రైవ్ ముందు ఉంచుకోవచ్చు, కానీ స్టార్టు, స్టాపు దాంతో చెయ్యకూడదు. పదే పదే పవర్ ఇచ్చి తీస్తుంటే చార్జింగు రెసిస్టరు కాలిపోతుంది. మోటారు టెర్మినళ్ల మీద కెపాసిటర్ ఉంటే పీకెయ్యాలి. కూలెంటు పంపు చాలా పాత మిల్లుల్లో స్పిండిల్ కాంటాక్టర్ కింద నుంచే లాగి ఉంటుంది. దాన్ని అలాగే వదిలితే అది కూడా డ్రైవ్ అవుట్‌పుట్ మీద నడుస్తుంది, స్పిండిల్ స్లో అయితే నీళ్లూ స్లో. దాన్ని వేరుగా మెయిన్ నుంచి, సొంత చిన్న కాంటాక్టర్‌తో తీసుకోండి, ఎం8 (కూలెంటు కమాండు)కి కట్టండి.

పాత రిలేల సంగతి ఎవరూ చెప్పరు. ఇంతవరకు మీ ఎం3 రిలే కాంటాక్టర్ కాయిల్‌ను నడిపింది. ఇప్పుడది డ్రైవ్ ఫార్వర్డ్ టెర్మినల్‌ను కామన్‌కి కలపాలి. అక్కడ పారేది 24 వోల్టులు, కొద్ది మిల్లీఆంపియర్లు. పెద్ద కరెంటుకు అలవాటై నల్లబడిన కాంటాక్టు అంత చిన్న కరెంటును ఒక్కోసారి పోనిస్తుంది, ఒక్కోసారి పోనియ్యదు. ఎం3 కొడితే అప్పుడప్పుడూ స్పిండిల్ తిరగకపోవడానికి కారణం సాఫ్ట్‌వేర్ అనుకుని రోజులు పోగొట్టుకుంటారు. కొత్త సిగ్నల్ రిలే వెయ్యండి, ఒకటి ఎం3కి, ఒకటి ఎం4 (వెనక్కి తిప్పే కమాండు)కి.

అనలాగ్ వైపు: బోర్డు మీది 0-10 వోల్టుల అవుట్‌పుట్ డ్రైవ్ అనలాగ్ ఇన్‌పుట్‌కి, దాని గ్రౌండు డ్రైవ్ అనలాగ్ కామన్‌కి. కలపబోయే ముందు మల్టీమీటరుతో బోర్డు 5 వోల్టుల గ్రౌండుకీ 0-10 గ్రౌండుకీ మధ్య కంటిన్యుటీ చూడండి. బీప్ అంటే విడదీత లేనట్టే. డ్రైవ్‌లో లోపం వస్తే కంప్యూటరు మదర్‌బోర్డు దాకా పోతుంది. అప్పుడు మధ్యలో ఒక సిగ్నల్ ఐసోలేటరు పెట్టుకోవాలి. షీల్డును ఒక్క కొసన, డ్రైవ్ వైపే ఎర్త్ చెయ్యండి. మోటారు కేబులు షీల్డు మాత్రం రెండు కొసలా. సిగ్నల్ వైరు, మోటారు కేబులు ఒకే ట్రేలో పెట్టొద్దు. కనీసం 25 సెంటీమీటర్ల ఎడం, దాటాల్సి వస్తే అడ్డంగా దాటాలి. ఎం3 కొట్టగానే లిమిట్ స్విచ్ తగిలినట్టు మాక్3 ఆగిపోతోందంటే ఈ నాలుగు మాటల్లో ఏదో ఒకటి తప్పినట్టు. క్యారియర్ ఫ్రీక్వెన్సీ (డ్రైవ్ లోపలి స్విచింగు వేగం) 4 కిలోహెర్ట్జ్‌కి దించితే వైర్లలో నాయిసు తగ్గుతుంది, మోటారు కాస్త ఎక్కువ కీచుమంటుంది. డీబౌన్సు (క్షణంపాటు వచ్చే తప్పుడు సిగ్నల్‌ను పట్టించుకోకుండా ఆగే సమయం) పెంచడం చివరి మందు. మాక్3లో ఒక్కో అంకె 40 మైక్రోసెకన్లు, 500 వేస్తే 20 మిల్లీసెకన్లు.

డ్రైవ్ సెట్టింగులు: నేమ్‌ప్లేటు మీది వోల్టేజీ, కరెంటు, 50 హెర్ట్జ్ బేసు, 1440 ఎక్కించండి. గరిష్ఠం 60. రన్ కమాండు టెర్మినల్ నుంచి, ఫ్రీక్వెన్సీ అనలాగ్ నుంచి. యాక్సిలరేషన్ 3 సెకన్లు, డిసిలరేషన్ 4. ఆటోట్యూన్ (డ్రైవ్ మోటారును తనే కొలుచుకోవడం) మోటారు తిప్పి చేసేదైతే బెల్టు విప్పి చెయ్యండి. ఆగేటప్పుడు ఓవర్‌వోల్టేజీ ఫాల్టు వస్తే డిసిలరేషన్ పెంచండి. త్వరగా ఆగడమే కావాలంటే బ్రేకింగ్ రెసిస్టరు పెట్టాలి. మాన్యువల్లో రాసిన కనిష్ఠ ఓమ్స్ కన్నా తక్కువది మాత్రం వద్దు. స్పీడు తగ్గితే మోటారు సొంత ఫ్యానూ తగ్గుతుంది. 25 హెర్ట్జ్ లోపల పావుగంట పైన బరువు కోత ఉండే పనైతే వెనక కౌల్ (ఫ్యాను మూత) మీద 230 వోల్టుల ఫ్యాను ఒకటి విడిగా బిగించుకోండి.

మాక్3లో స్పిండిల్ సెటప్‌లో పీడబ్ల్యూఎం (పల్సు వెడల్పుతో స్పీడు చెప్పే పద్ధతి) ఎంచుకుంటారు. ఇక్కడ ఒక లెక్క ఉంది. మాక్3 కెర్నల్ (పల్సులిచ్చే లోపలి గడియారం) 25,000 హెర్ట్జ్ మీద నడుస్తుంటే, దాన్ని పీడబ్ల్యూఎం బేస్ ఫ్రీక్వెన్సీతో భాగిస్తే వచ్చేదే మీకు దొరికే స్పీడు మెట్ల సంఖ్య. బేస్ 1000 పెడితే 25 మెట్లే. ఎస్ మారుస్తుంటే స్పీడు ఎగిరెగిరి పడుతుంది. 50 పెడితే 500 మెట్లు. బోర్డు ఒప్పుకున్నంతలో తక్కువ పెట్టండి. స్పిండిల్ పుల్లీల్లో ఒకటోది 270-1080, రెండోది 840-3360. ఒకటో పుల్లీలో ఎస్540 కొడితే అనలాగ్ దగ్గర 5 వోల్టులు, డ్రైవ్ మీద 30 హెర్ట్జ్ కనిపించాలి. 4.7 వస్తే బోర్డు మీది చిన్న ప్రీసెట్టు తిప్పి సరిచెయ్యండి, అప్పటికీ వంకర ఉంటే మాక్3 స్పిండిల్ క్యాలిబ్రేషన్ నడపండి. టాకోమీటరులో ఖాళీ స్పిండిల్ మూడున్నర శాతం దాకా ఎక్కువ చూపిస్తే కంగారొద్దు. 1440 అనేది ఫుల్ లోడు లెక్క, ఖాళీగా మోటారు 1490 దగ్గర తిరుగుతుంది. లోడు పడితే ఆ తేడా అదే సర్దుకుంటుంది.

ఎం3 తర్వాత స్పీడు అందుకునేదాకా కటర్ కదలకూడదు. స్పిన్ అప్ డిలే 4 సెకన్లు పెట్టండి.

అన్నిటికన్నా ప్రమాదం ఇది: బెల్టు 2800 మెట్టు మీద ఉంది, మాక్3 మాత్రం ఒకటో పుల్లీ అనుకుంటోంది. ఎస్1080 కొట్టారు. డ్రైవ్ 60 హెర్ట్జ్ ఇస్తుంది, స్పిండిల్ 3360 తిరుగుతుంది. అదే 63 మి.మీ. కటర్ అంచు నిమిషానికి 665 మీటర్లు పోతుంది, ఇన్సర్టులు ఎగిరొస్తాయి. బెల్టు మూత లోపల పెయింటుతో రాయడం ఒక పద్ధతి. మోటారు ప్లేటు జరిగే చోట చిన్న లిమిట్ స్విచ్ పెట్టి, మెట్టు తప్పయితే రన్ సిగ్నల్ కట్ చెయ్యడం అసలు పద్ధతి. ఆ చిన్న స్విచ్ ఖర్చుకి వెనకాడకండి.

డ్రైవ్ ఫాల్టు రిలేను తప్పక వాడండి. ఎక్కువ మంది ఖాళీగా వదిలేస్తారు. మన దగ్గర రాత్రి చెరువుల మీద ఏరేటర్లన్నీ ఒకేసారి పడితే ఫీడరు వోల్టేజీ కుంగుతుంది, డ్రైవ్ అండర్‌వోల్టేజీ కొట్టి స్పిండిల్‌ను వదిలేస్తుంది. యాక్సిస్‌ల సప్లై ఆ కుంగును తట్టుకుంటే బల్ల కదులుతూనే ఉంటుంది. ఆగిన కటర్‌లోకి జాబ్ దూసుకుపోతుంది. ఫాల్టు వస్తే తెరుచుకునే కాంటాక్టును ఎమర్జెన్సీ చెయిన్లో వరసగా కలిపితే రెండూ కలిసే ఆగుతాయి. ఫాల్టు దానంతట అది రీసెట్ అయి మళ్లీ తిరిగే ఆప్షను ఉంటే ఆఫ్ చెయ్యండి, చెయ్యి కటర్ దగ్గర ఉన్నప్పుడే అది తిరుగుతుంది.

ట్యాపింగు గురించి అడగలేదు గానీ అడుగుతారు: ఎన్‌కోడరు (స్పిండిల్ ఎంత తిరిగిందో చెప్పే సెన్సరు) లేకుండా రిజిడ్ ట్యాపింగు (ట్యాపును గట్టిగా బిగించి మర కొయ్యడం) రాదు. సాగి ముడుచుకునే ఫ్లోటింగ్ హోల్డరు వాడండి.

చివరగా ప్యానెలు. ఉప్పు తేమ, రైస్ మిల్లు ఊక దుమ్ము, పోత ఇనుము పొడి, మూడూ డ్రైవ్‌కి పడవు. ఇనుప పొడి కరెంటును పోనిస్తుంది కూడా. జల్లెడ లేని ఎగ్జాస్టు ఫ్యాను పెడితే ఆ పొడిని మీరే లోపలికి పీల్చినట్టు. తలుపుకి రబ్బరు బీడింగు వెయ్యండి, ఫ్యానుకి ఫిల్టరు వెయ్యండి. హీట్‌సింకు మూడు నెలలకోసారి కుంచెతో దులపండి. దులిపేముందు మెయిన్ తీసి పది నిమిషాలు ఆగి, డీసీ ప్లస్, మైనస్ టెర్మినళ్ల మధ్య మీటరు పెట్టి చూడండి. డిస్‌ప్లే ఆరిపోయినా కెపాసిటర్లో చార్జీ మిగిలే ఉంటుంది. మిషను వారాల తరబడి ఆపేటప్పుడు లోపల 15 వాట్ల బల్బు వెలిగించి వదలండి, తేమ పట్టదు. ఎర్త్ పట్టీ ఉప్పు గాలికి తుప్పు పట్టి బోల్టు దగ్గర పొరలు లేచి ఉంటే గీకి కొత్త రింగ్ లగ్గు బిగించండి. మోటారు ఎర్త్ వైరు మోటారు నుంచి నేరుగా డ్రైవ్ ఎర్త్ టెర్మినల్‌కే రావాలి, మిషను బాడీ మీద వదిలేస్తే కుదరదు.