చవితికి తెచ్చిన వెలగకాయను పారేయకండి

పాలవెల్లికి కట్టిన వెలగకాయలు మూడు మిగిలాయని, ఇంట్లో ఎవరూ ముట్టుకోవడం లేదని రాశారు. వెలగలో సి విటమిన్ దండిగా ఉంటుందని, రక్తం పడుతుందని, షుగర్ తగ్గుతుందని ఎక్కడో చదివి, అది నిజమేనా, పిల్లలకు పెట్టొచ్చా అని అడిగారు. నిక్షేపంగా పెట్టండి. కానీ మీరు చదివిన ఆ మూడు కారణాల కోసం మాత్రం కాదు.

నేను పుట్టి పెరిగింది పొదిలి వైపు మెట్ట ఊళ్లో. నీళ్లు చాలక మామిడి, జామ సరిగా కాసేవి కాదు గానీ చేని గట్టున వెలగచెట్టు మాత్రం ఎవరూ నీళ్లు పోయకుండానే ఏటా కాసేది. రాలిన పండ్లను మా నాయనమ్మ చాటలో పోసుకుని ఒక్కొక్కటీ చేత్తో ఎత్తి చూసేది. పైకి బాగానే ఉండి చేతికి తేలిగ్గా అనిపిస్తే "ఇది కరి మింగింది" అని పక్కన పెట్టేది. బరువున్న పండును గడపకేసి కొట్టి రెండు చిప్పలు చేసి, చిప్పలోనే బెల్లం, చిటికెడు ఉప్పు వేసి పుల్లతో కలిపి ఇచ్చేది. బడి నుంచి రాగానే మాకు అదే చిరుతిండి. అందులో ఏముందో అప్పుడు ఎవరూ లెక్కపెట్టలేదు.

లెక్క నేను చాలా ఏళ్ల తర్వాత చూశాను. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఎన్నో ఏళ్లుగా మన ఆహార పదార్థాల పట్టికలు వేస్తోంది. వాటి పాత పట్టికలో 100 గ్రాముల వెలగ గుజ్జుకు 134 కేలరీలు, 7.1 గ్రాముల ప్రోటీన్, 3.7 గ్రాముల కొవ్వు, 5 గ్రాముల పీచు, 130 మిల్లీగ్రాముల కాల్షియం, 110 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ అని ఉంది. పండులో ఏడు గ్రాముల ప్రోటీనా అని నేను రెండుసార్లు చూసుకున్నాను. అదే పట్టికలో జామపండుకు ఉన్నది 0.9 గ్రాములే. కారణం తెలుసుకుంటే వింతేమీ లేదు. వెలగ గుజ్జులో చిన్న చిన్న గింజలు నిండా కలిసిపోయి ఉంటాయి, వాటిని ఏరి పారేయడం కుదిరే పని కాదు. ప్రోటీన్, కొవ్వు ఆ గింజల వల్లే అంత కనిపిస్తాయి. అందుకే గింజలను గబుక్కున మింగేయకుండా బాగా నమిలి తినమంటాను. కాల్షియం సంగతి కూడా చూడండి. ఆ పట్టిక ప్రకారం 100 గ్రాముల ఆవుపాలలో ఉండేది 120 మిల్లీగ్రాములు. వెలగను మనం పాలలా రోజూ రెండు గ్లాసులు తాగం కాబట్టి పాలు మానేసి ఇది తినమని అనను. కానీ గట్టు మీద ఊరికే కాసే పండుకు ఇది చిన్న విషయం కాదు.

ఇక సి విటమిన్. వెలగలో 3 మిల్లీగ్రాములు. జామలో 212, ఉసిరిలో 600. పుల్లగా ఉన్న ప్రతి పండులోనూ సి విటమిన్ ఉంటుందని అనుకోవడం వల్ల వచ్చిన పొరపాటు ఇది. ఐరన్ కూడా అంతే, 0.48 మిల్లీగ్రాములు.

ఈ ఐరన్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల నేను నష్టపోయాను. మా అమ్మాయికి పదమూడో ఏట హిమోగ్లోబిన్ 8.4కి పడిపోయింది. డాక్టర్ ఐరన్ మాత్రలు రాస్తే, వేసుకోగానే వికారంగా ఉందని పిల్ల ఏడ్చేది. తెలిసిన ఆవిడ ఒకరు "మాత్రలెందుకు, వెలగపండు పెట్టు, రక్తం పడుతుంది" అన్నారు. నమ్మాను. చిన్నప్పుడు తిన్న పండు కదా అని ఇంకా గట్టిగా నమ్మాను. మూడు నెలలు బెల్లంతో కలిపి శ్రద్ధగా పెట్టాను. మళ్లీ పరీక్ష చేయిస్తే 8.1. అప్పుడు పడిన టెన్షన్ ఇంకా మరిచిపోలేదు. డాక్టర్ మందు మార్చి, భోజనం తర్వాత వేయమని చెప్పాక నాలుగు నెలల్లో 11 దాటింది. తప్పు వెలగపండుది కాదు, దాన్ని మందు అనుకున్న నాది. రక్తం తక్కువగా ఉన్న పిల్లలకు వెలగ తినిపించండి, కానీ మాత్ర మాత్రం ఆపకండి.

ఇంకో చిక్కు ఉంది. ఇంగ్లీషులో వెలగనూ, మారేడునూ రెండింటినీ వుడ్ యాపిల్ అనే అంటారు. అందుకే మారేడు గుణాలను వెలగకు, వెలగ గుణాలను మారేడుకు అంటగట్టి రాసేస్తుంటారు. నేను ఒకసారి ఆన్‌లైన్‌లో వెలగ గుజ్జు పొడి తెప్పిస్తే వచ్చింది మారేడు పొడి. రంగు, వాసన చూడగానే తెలిసిపోయింది. రెండూ నిమ్మ, కరివేపాకు కుటుంబంలోవే అయినా వేర్వేరు చెట్లు. మారేడుది మూడాకుల దళం, కాయ నున్నగా ఉండి పండితే పసుపు తిరుగుతుంది, లోపల నారింజ రంగులో జిగట గుజ్జు. వెలగ ఆకులు ఒక్కో ఈనెకు ఐదో ఏడో ఉంటాయి, కాయ పైన బూడిద పూసినట్టు గరుకుగా ఉంటుంది, పండాక గుజ్జు ముదురు గోధుమరంగులోకి మారుతుంది. మారేడులో ప్రోటీన్ 1.8 గ్రాములే. ఏది చదివినా అది ఏ పండు గురించో ముందు చూసుకోండి.

మీ ఇంట్లో ఎవరూ ఎందుకు తినడం లేదో నేను ఊహించగలను. మన దగ్గర వెలగ పండేది అక్టోబరు నుంచి మార్చి దాకా. చవితి వచ్చేది ఆగస్టు, సెప్టెంబరుల్లో. అంటే బజారులో అప్పుడు అమ్మేవి చాలావరకు పచ్చివి. పగలగొట్టి నోట్లో పెట్టుకుంటే వగరు, పులుపు, గొంతు పట్టేస్తుంది. ఆ ఒక్కసారితో ఇది మనం తినేది కాదని జనం తేల్చేస్తారు. ఏడాదికి ఒకసారి, అదీ పండకముందు రుచి చూసి పండును కాదనడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. శ్రీలంకలో ఇదే పండును దివుల్ అంటారు. గుజ్జు తీసి కొబ్బరిపాలతో కలిపి ఇష్టంగా తాగుతారు.

పండిందో లేదో తెలియాలంటే జానెడు ఎత్తు నుంచి గచ్చు మీద వదలండి. పచ్చిదైతే బంతిలా ఎగురుతుంది, పండిందైతే ధబ్బున అక్కడే ఆగుతుంది. వాసన కూడా చెబుతుంది. పండిన వెలగ వాసన ఘాటుగా, కాస్త పులిసినట్టు ఉంటుంది. పాడైందని భయపడకండి, దాని వాసనే అంత. లోపల తెల్లటి బూజు ఉంటే మాత్రం తినకండి.

పచ్చికాయను పెంకుతోనే మంట మీద కాల్చి, చల్లారాక పగలగొట్టి గుజ్జు తీయండి. నూనెలో వేయించిన పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు వేసి రోట్లో నూరి, ఆవాలు, ఇంగువతో తిరగమోత పెడితే అన్నంలోకి మంచి పచ్చడి. అందులో పెరుగు కలిపితే వగరు బాగా తగ్గుతుంది, మా ఇంట్లో పిల్లలు ఎక్కువగా తినేది అలాగే. పచ్చికాయ ఒకేసారి ఎక్కువ తింటే మలబద్ధకం వస్తుంది, పిల్లలకు రెండు చెంచాలు చాలు. మరీ చిన్నపిల్లలకైతే పండు గుజ్జును జల్లెడలో వడకట్టి పెట్టండి.

షుగర్ ఉన్నవాళ్ల సంగతి. 100 గ్రాములకు పిండిపదార్థం 18 గ్రాములు ఉంది కాబట్టి వెలగ తింటే షుగర్ తగ్గుతుందని నేను చెప్పను. పైగా మనం దీన్ని బెల్లం లేకుండా తినం, అసలు ఇబ్బంది ఆ బెల్లంతోనే. మావారికి షుగర్ ఉంది. ఆయనకు పెరుగు పచ్చడి మాత్రమే చేస్తాను, అదీ భోజనంలో ఒక గరిటె.

మీ దగ్గరున్న మూడింట్లో ఒకటి రేపే కాల్చి పచ్చడి చేయండి. మిగతా రెండూ డాబా మీద ఎండలో పెట్టి, రెండు వారాలు ఓపిక పట్టండి. మూడు నాలుగు రోజులకోసారి గచ్చు మీద వదిలి చూస్తూ ఉండండి. ఎగరడం మానేసిన రోజున బెల్లం తరిగి పెట్టుకుని పిల్లల్ని పిలవండి.