టూర్మలే ఎక్కబోతున్న మేనకోడలికి

చి. స్వాతికి,

మామయ్య ఆశీస్సులు.

జూలైలో సైకిలు మీద టూర్మలే కనుమ ఎక్కబోతున్నావని నిన్న అక్క ఫోనులో చెప్పింది. ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో చదువుకునే పిల్ల, అందులోనూ సైకిలంటే ప్రాణం పెట్టే పిల్ల, పిరనీస్ కొండల వైపు చూడకుండా ఎలా ఉంటుందిలే అనుకుని పొంగిపోయాను. ఆ తర్వాత అక్క ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. సైకిలు సెకండ్ హ్యాండ్‌లో కొన్నదట. ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే ఫోర్కు కార్బన్ ఫైబర్‌దట. ఎక్కినవైపు కాకుండా అవతలివైపు ల్యూజ్‌కి దిగిపోయి, లూర్ద్‌లో రైలెక్కుతావట. అప్పటినుంచి నా మనసు మనసులో లేదు.

ఎక్కడం గురించి నాకు బెంగ లేదు. సాంత్-మరీ-ద-కాంపాన్ ఊరి నుంచి పైకి 17 కిలోమీటర్ల చిల్లర, సగటు వాలు 7.4 శాతం. మొదటి నాలుగైదు కిలోమీటర్లు మెత్తగా ఉంటాయి, అక్కడ ఉత్సాహపడి కాళ్ళు ఖర్చు చేసుకోకు. ఆ తర్వాత 8, 9 శాతం ఎక్కడా వదలదు. లా మోంజీ స్కీ ఊరికి ముందు, మంచుచరియలు పడకుండా కట్టిన కాంక్రీటు కప్పుల దగ్గర ఇంకా నిలువుగా లేస్తుంది. లా మోంజీ దాటాక ఇంకో నాలుగు కిలోమీటర్లు. ముందు పెడళ్ళ దగ్గర 34 పళ్ళ చక్రం (చైన్‌రింగు), వెనక 34 పళ్ళ చక్రం (స్ప్రాకెట్) ఉంటే నిమిషానికి 60 సార్లు తొక్కినా గంటకు ఏడున్నర కిలోమీటర్లు వెళ్తావు. అది చాలు. వెనక 28 పళ్ళే ఉంటే క్యాసెట్ (వెనక పళ్ళ చక్రాల గుత్తి) మార్పించు. పెద్ద క్యాసెట్ పెడితే చైను కూడా పొడవు కావాలి, చైనును గేర్ల మధ్య మార్చే డీరెయిలర్ అంత పెద్దదాన్ని మోయగలదో లేదో ముందు అడుగు. గంటకు అరలీటరుకు తక్కువ కాకుండా నీళ్ళు, 60 గ్రాముల దాకా పిండిపదార్థం. అరటిపండ్లు, ఖర్జూరం నీకు పడతాయి కాబట్టి కొత్త జెల్ ప్యాకెట్లతో ఆ రోజు ప్రయోగాలు చెయ్యకు.

మన తూర్పు కనుమల్లో ఎత్తైన శిఖరం కూడా 1,700 మీటర్లు దాటదు. నువ్వెక్కే రోడ్డు 2,115 మీటర్లకు వెళ్తుంది. కాళ్ళు మొరాయిస్తే దిగి నడువు, సిగ్గుపడకు. 1910లో టూర్ డి ఫ్రాన్స్ సైకిలు రేసు మొదటిసారి ఆ కనుమ దాటిన రోజున ముందుగా పైకి చేరిన ఒక్తావ్ లపీజ్ కూడా కొంత దూరం సైకిలు తోసుకుంటూ నడిచాడు. దిగకుండా మొత్తం తొక్కినవాడు గుస్తావ్ గారిగూ, అతనికి 100 ఫ్రాంకుల ప్రత్యేక బహుమతి ఇచ్చారు. కానీ లుషాన్ నుంచి బయోన్ దాకా 326 కిలోమీటర్ల ఆ స్టేజిని (రేసులో ఒక రోజు దారిని) 14 గంటల పైచిలుకు తొక్కి గెలిచింది లపీజే, ఆ ఏడాది టూర్ గెలిచిందీ అతనే. దారిలో నిర్వాహకులను చూసి హంతకులారా అని అరిచింది కూడా అతనే. పాపం, మొదటి ప్రపంచ యుద్ధంలో యుద్ధ విమానం నడుపుతూ 1917లో పోయాడు.

రోడ్డు తెరిచి ఉందో లేదో ఎవరి మాటా పట్టుకుని బయల్దేరకు. 1910లో దారి చూసి రమ్మని పంపిన అల్ఫోన్స్ స్టైనెస్ కారు మంచులో ఇరుక్కుపోయింది. రాత్రి నడుచుకుంటూ పోయి చావు తప్పించుకున్నాడు. అంతా అయ్యాక రేసు పెద్ద ఆంరీ దెగ్రాంజ్‌కి ఇచ్చిన టెలిగ్రాంలో మాత్రం రోడ్డు బ్రహ్మాండంగా ఉందని రాశాడు! జూలైలో మామూలుగా తెరిచే ఉంటుంది, అయినా కింద రోడ్డు పక్కన కనుమ తెరిచారా మూశారా అని చెప్పే బోర్డు చూసుకునే కదులు.

ఇక ఫోర్కు సంగతి. దీన్ని కాస్త నెమ్మదిగా చదువు తల్లీ.

నువ్వు ఎక్కడం మొదలుపెట్టే సాంత్-మరీ-ద-కాంపాన్‌లోనే ఒక పాత కమ్మరి కొలిమి ఉండేది. ఆ గోడ మీద ఫలకం ఉంటుంది, ఆగి చూడు. 1913లో బయోన్ నుంచి లుషాన్‌కి స్టేజి. మొత్తం మీద రెండో స్థానంలో ఉన్న ఉజెన్ క్రిస్టోఫ్‌కి ఆ రోజు అదృష్టం కలిసొచ్చింది. ముందున్న ఓడిల్ డిఫ్రే కుదేలై రేసు మానుకున్నాడు. క్రిస్టోఫ్, ఫిలిప్ తీస్ టూర్మలే పైకి దాదాపు కలిసే చేరారు. అంత ఎక్కుడు ఎక్కినంతసేపూ సైకిలుకి ఏమీ కాలేదు. దిగుడులో ముందు ఫోర్కు విరిగింది. మనిషి పడకుండా ఆగగలిగాడు, అదే గొప్ప.

అప్పటి నియమం ప్రకారం సైకిలు మార్చకూడదు, ఎవరి సాయమూ తీసుకోకూడదు. సైకిలు భుజానికెత్తుకుని పది కిలోమీటర్ల పైనే నడిచాడు. వెనకబడిన వాళ్ళంతా ఒక్కొక్కరే దాటిపోతుంటే చూస్తూ నడిచాడు. ఊళ్ళో కొలిమి దొరికింది. క్రిస్టోఫ్ పూర్వం తాళాల పని నేర్చినవాడు కాబట్టి ఇనుము సంగతి తెలుసు. కమ్మరి పక్కన నిలబడి చెబుతుంటే తన చేతులతోనే గొట్టం కాల్చి, సాగగొట్టి అతికాడు. రేసు అధికారులు దగ్గరే నిలబడి కాపలా కాశారు. కానీ ఒక చేత్తో ఇనుము, ఇంకో చేత్తో సుత్తి పట్టుకున్నవాడు కొలిమి తిత్తులు ఎలా ఊదుకుంటాడు? అక్కడున్న ఓ కుర్రాడు ఊదాడు. దానికి పది నిమిషాల శిక్ష వేశారు, తర్వాత మూడుకు తగ్గించారు. అప్పటికే గంటలకు గంటలు పోయాయి, ఆ మూడు నిమిషాలతో వాళ్ళు ఏం సాధించారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అదే సైకిలు మీద ఇంకా ఆస్పాన్, పెరసూర్ద్ కనుమలు రెండూ దాటి లుషాన్ చేరాడు. టూర్ తీస్ గెలిచాడు, క్రిస్టోఫ్ ఏడోవాడిగా ముగించాడు.

అక్కడితో అయిపోతే దురదృష్టం అనుకుందుము. 1919లో టూర్ చరిత్రలో మొట్టమొదటి పసుపు జెర్సీ, అంటే మొత్తం మీద ముందున్నవాడు వేసుకునేది, ఇదే క్రిస్టోఫ్‌కి ఇచ్చారు. ఆ జెర్సీతో, ఇక ఒక్క స్టేజి మిగిలి ఉందనగా, మెట్జ్ నుంచి డంకర్క్‌కి 468 కిలోమీటర్ల దారిలో వాలెన్సియెన్ దగ్గర మళ్ళీ ఫోర్కే విరిగింది. మళ్ళీ తనే బాగుచేసుకున్నాడు. టూర్ ఫిర్మాఁ లాంబో గెలిచాడు, ఇతను మూడో స్థానం. జనం మనసు కరిగి చందాలు వేసి డబ్బు పంపారు. 1922లో ఆల్ప్స్‌లోని గాలిబియే కనుమ దిగుడులో మూడోసారి, మళ్ళీ ఫోర్కే! ఒకే మనిషికి మూడుసార్లు. రాళ్ళూ గుంటలూ ఉన్న రోడ్డు మీద ప్రతి దెబ్బా ముందు చక్రం నుంచి నేరుగా ఫోర్కు మెడకు ఎక్కుతుంది. బ్రేకు పట్టిన ప్రతిసారీ మనిషి బరువంతా అక్కడే వాలుతుంది. లోహం లోపల సన్నటి చీలిక రోజుకింత పెరుగుతుంది, పైకి రంగు మాత్రం నున్నగా మెరుస్తుంది.

నీది కార్బన్ కాబట్టి ఇంకా భయం. ఉక్కు ఫోర్కు చాలాసార్లు వంగి, కిర్రుమని ఏదో ఒక సూచన ఇస్తుంది. కార్బన్ ఒక్కసారిగా తెగిపోవచ్చు. అమ్మినవాడు దాన్ని ఎప్పుడైనా గోడకో కారుకో గుద్దాడేమో మనకెలా తెలుస్తుంది? కాబట్టి షాపుకి తీసుకెళ్ళి ఫోర్కు పూర్తిగా బయటికి తీయించు. నీ ఎదురుగానే తీయమను. హ్యాండిల్‌ని ఫోర్కుకు కలిపే స్టెమ్ పట్టుకునే చోట, స్టీరర్ గొట్టం (ఫోర్కు పై గొట్టం) చుట్టూ గీత, నొక్కుడు, తెల్లటి పోగు కనబడుతున్నాయేమో చూడు. కింది బేరింగు కూర్చునే చోట, రెండు కాళ్ళూ కలిసే మెడ దగ్గర, చక్రం ఇరుసు కూర్చునే చోట గుడ్డతో తుడిచి లైటు వేసి చూడు. అనుమానం వస్తే అతికించమని అడగకు, కొత్తది వేయించు. డబ్బు నేను పంపుతాను, ఆ విషయంలో మొహమాటపడితే నాకు నిజంగా కోపం వస్తుంది.

తిరిగి బిగించేటప్పుడు ముందు పై మూత బోల్టుతో బేరింగులో ఆట (వదులుగా కదలడం) తీసేయాలి, ఆ తర్వాతే స్టెమ్ పక్క బోల్టులు రెండూ మార్చి మార్చి బిగించాలి. ఎంత బలం పెట్టాలో స్టెమ్ మీదే రాసి ఉంటుంది, చాలావాటికి 5 న్యూటన్ మీటర్లు. ఎంత బలం పెట్టామో చెప్పే టార్క్ రెంచితోనే బిగించాలి. చేత్తో అందాజాగా బిగిస్తే కార్బన్ గొట్టం నలుగుతుంది, అక్కడే చీలిక మొదలవుతుంది. బయల్దేరే ముందు రోజు ముందు బ్రేకు గట్టిగా పట్టి, రెండో చేతి వేళ్ళు హెడ్‌సెట్ కప్పు (హ్యాండిల్ కింద బేరింగు ఉండే చోటు) మీద పెట్టి, సైకిలు ముందుకీ వెనక్కీ ఊపు. వేళ్ళకు టక్కుమని తగిలితే ఆట ఉన్నట్టే, మళ్ళీ బిగించేదాకా ఎక్కకు.

దిగుడు గురించి ఇంత చెబుతున్నానంటే ఊరికే కాదు. 1951లో పసుపు జెర్సీ వేసుకున్న మొదటి డచ్చివాడు విమ్ వాన్ ఎస్ట్ మర్నాడే ఓబిస్క్ దిగుతూ లోయలో పడ్డాడు. తాడు చాలక టైర్లన్నీ ముడివేసి పైకి లాగారు. 1971లో ఎడీ మెర్క్స్ కంటే ఏడు నిమిషాల పైన ముందున్న లుయీస్ ఒకాన్యా మాంతే కనుమ దిగుతూ వడగళ్ళ వానలో పడి, లేవబోతుంటే వెనకవాళ్ళు గుద్దారు. మర్నాడు మెర్క్స్ ఆ పసుపు జెర్సీ వేసుకోనన్నాడు. 1995లో పోర్తె-దాస్పె దిగుడులో ఫాబియో కజార్తెల్లి తలకు దెబ్బ తగిలి పోయాడు. ఇరవై నాలుగేళ్ళు, బార్సిలోనా ఒలింపిక్ బంగారు పతకం గెలిచిన కుర్రాడు, నెత్తిన హెల్మెట్ లేదు. ఇవన్నీ ఆ పిరనీస్‌లోనే. ప్రొఫెషనల్ రేసుల్లో హెల్మెట్ తప్పనిసరి అయ్యేసరికి 2003 వచ్చింది. ఎక్కేటప్పుడు ఉక్కపోస్తోందని హెల్మెట్ తీసి హ్యాండిల్‌కి తగిలించి, పైన ఫొటోల సందడిలో మరిచిపోయేవాళ్ళు ఉంటారు. నువ్వు మరవకు.

అందుకే ల్యూజ్ వైపు దిగొద్దంటున్నాను. ఎక్కిన దారినే దిగు. రెండు గంటలపాటు నెమ్మదిగా చూస్తూ ఎక్కిన రోడ్డులో గుంట ఎక్కడుందో, మలుపు ఎక్కడ ముడుచుకుందో, ఆవులూ గొర్రెలూ ఏ ఒంపులో అడ్డంగా నిలబడ్డాయో నీకు తెలుస్తుంది. వాటి పేడ మీద చక్రం పడితే తడి సబ్బు మీద కాలేసినట్టే. అవతలివైపు రోడ్డు నీకు పూర్తిగా కొత్త, కాళ్ళు అప్పటికే అలిసిపోయి ఉంటాయి. తిరిగి కాంపాన్ మీదుగా తార్బ్ వచ్చేసినా తులూజ్ రైలు దొరుకుతుంది.

డిస్కు బ్రేకులైతే ప్యాడ్ మందం ఒక మిల్లీమీటరుకు వచ్చిందంటే మార్చేయ్. రిమ్ము బ్రేకులై, రిమ్ము కూడా కార్బన్‌దైతే ఆ చక్రాలతో వెళ్ళొద్దు, అల్యూమినియం చక్రాలు అద్దెకు తీసుకో. పొడుగాటి దిగుడులో వేడెక్కి రిమ్ము మెత్తబడితే ట్యూబు పేలుతుంది. టైరు 28 మిల్లీమీటర్లది, నీ బరువుకి ముందు 60, వెనక 65 పీఎస్ఐ గాలి సరిపోతుంది. చేతులు హ్యాండిల్ కింది వంపులో పెట్టు. బ్రేకు పట్టుకునే కూర్చోకు. మలుపు రాకముందే, సైకిలు నిటారుగా ఉన్నప్పుడే, రెండూ కలిపి గట్టిగా పట్టి వేగం తగ్గించి, మలుపులో వదులు. చూపు మలుపు చివరన ఉండాలి. లా మోంజీలో ఐదు నిమిషాలు ఆగి బ్రేకులు చల్లారనివ్వు. డిస్కు ముట్టుకోకు, చర్మం ఊడుతుంది. చిన్నప్పుడు సింహాచలం కొండ దారిలో బ్రేకు మీద వేలు కూడా వేయకుండా వదిలేసి నవ్వుకుంటూ వెళ్ళిపోయేదానివి, నీ వెనక మేమందరం పరుగెత్తేవాళ్ళం. ఆ పిల్ల ఇంకా నీలో ఎక్కడో ఉందని నా భయం.

పైన జూలైలో కూడా గాలి కోస్తుంది. చెమటతో తడిసిన ఒంటితో దిగితే పది నిమిషాల్లో వణుకు పుడుతుంది. ఆ వణుకు చేతుల్లోంచి హ్యాండిల్‌కి పాకి ముందు చక్రం అల్లల్లాడటం మొదలవుతుంది. అలా అయితే కంగారుపడి ముందు బ్రేకు నొక్కేయకు, మోకాళ్ళతో ఫ్రేము పై గొట్టాన్ని గట్టిగా పట్టి, వెనక బ్రేకుతో మెల్లగా తగ్గించు. గాలి చొరని జాకెట్, వేళ్ళు నిండా కప్పే గ్లవ్స్ జేబులో పెట్టుకో. జాకెట్ కింద గుండె మీద వార్తాపత్రిక మడిచి పెట్టుకోవడం పాతకాలం రేసర్ల అలవాటు. ఇప్పటికీ అంతకు చవకైన ఉపాయం లేదు.

2023లో మహిళల టూర్‌లో ఒక స్టేజి నువ్వెక్కే వైపు నుంచే ఎక్కి టూర్మలే మీద ముగిసింది. పైన కమ్ముకున్న పొగమంచులోంచి డెమి వోలరింగ్ ఒంటరిగా వచ్చి గెలిచి, పసుపు జెర్సీ వేసుకుంది. నువ్వు ఆ రోడ్డు మీద తొక్కుతున్నావంటే నాకు ఎంత సంతోషమో మాటల్లో చెప్పలేను.

పైకి చేరాక ఫొటోలు దిగు, కానీ అక్కడినుంచి మీ అమ్మకి ఫోన్ చెయ్యకు. కిందకి దిగి, కొలిమి ఉన్న ఊళ్ళో సైకిలు గోడకు ఆనించి చెయ్యి. నేనూ ఆ ఫోను కోసమే చూస్తుంటాను.

ఇట్లు,
మామయ్య

తా.క.: రెండు ట్యూబులు, టైరు లివర్లు, చేతి పంపు, నీ చైనుకి సరిపోయే క్విక్ లింక్ (తెగిన చైనును కలిపే లింకు), అలెన్ కీల సెట్ సీటు కింద సంచిలో ఉండాలి. క్విక్ లింకులు 11 స్పీడుకి వేరు, 12 స్పీడుకి వేరు. షాపువాడు ఇచ్చినదాన్ని అక్కడే చైను పక్కన పెట్టి సరిచూసుకో.