డిపాజిట్ అని చెప్పి పాలసీ కట్టించారు, సంతకం పెట్టేశాం.. డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మా నాన్న రిటైర్డ్ టీచర్, వయసు 68. పెన్షన్ నెలకు 32 వేలు. ఏడాది కిందట ఫిక్స్‌డ్ డిపాజిట్ రెన్యువల్ చేయిద్దామని బ్యాంకుకు వెళ్తే, 'ఇంతకంటే మంచి స్కీము ఉంది సార్, ఒక్కసారి వేస్తే చాలు' అని 6 లక్షలు వేయించారు. ఇప్పుడు రెండో ప్రీమియం 6 లక్షలు కట్టమని మెసేజ్ వచ్చింది. అది పన్నెండేళ్లు కట్టాల్సిన జీవిత బీమా పాలసీ అట. బాండు ఇంటికి రాలేదు. అడిగితే 'సంతకం మీరే పెట్టారు కదా' అంటున్నారు. నాన్నకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. - ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: సంతకం పెట్టినంత మాత్రాన దారులు మూసుకుపోలేదని ముందు మీ నాన్నగారికి చెప్పండి. తప్పుడు మాటలు చెప్పి ఒప్పించిన ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు భారత కాంట్రాక్టు చట్టంలోని 19వ సెక్షన్ ఇస్తోంది. ఖాతాదారుడి అవసరానికి, స్తోమతకు తగిన పథకాన్నే అమ్మాలని రిజర్వు బ్యాంకు 2014లో ఇచ్చిన ఖాతాదారుల హక్కుల పత్రం కూడా చెబుతోంది.

మీ కేసులో బలమంతా ప్రపోజల్ ఫారంలోనే, అంటే పాలసీ కోసం నింపిన దరఖాస్తులోనే ఉంది. దాని కాపీ కోసం బీమా కంపెనీకి ఈరోజే రాయండి. రాగానే ఆదాయం గడి చూడండి. మీ నాన్నగారి పెన్షన్ ఏడాదికి 3 లక్షల 84 వేలు. ఏటా 6 లక్షలు ఆయన ఎక్కడి నుంచి తెచ్చి కడతారు? ఇలాంటి ఫారాల్లో ఆదాయం 15 లక్షలనో, వృత్తి వ్యాపారమనో రాసి ఉండటం మామూలే. ఆ గడి నింపిన చేతిరాత ఎవరిదో, ఈమెయిల్, ఫోన్ నంబరు మీ నాన్నగారివో కావో కూడా గమనించండి. పాలసీ ఇచ్చే ముందు కంపెనీ నుంచి వెరిఫికేషన్ కాల్ వచ్చి ఉంటే ఆ రికార్డింగ్ భద్రపరచమని కోరండి. 'అన్నింటికీ ఎస్ అనండి సార్' అని పక్కన కూర్చుని చెప్పిన ఉద్యోగి ఎవరో నాన్నగారికి గుర్తుంటే పేరు, తేదీతో సహా రాసుకోండి.

బాండు రాలేదన్నారు. ఇది చిన్న విషయం కాదు. పాలసీ పత్రం అందిన రోజు నుంచి 30 రోజుల్లోగా వద్దనుకుంటే వెనక్కి ఇచ్చేయవచ్చు. దీన్నే ఫ్రీ లుక్ అంటారు. పత్రం అందిందని రుజువు చేసుకోవాల్సింది కంపెనీయే. ఈమెయిల్‌లో పంపామంటే అది ఎవరి ఈమెయిలో అడగండి.

ఫిర్యాదు బ్యాంకుకు, బీమా కంపెనీకి విడివిడిగా, లిఖితపూర్వకంగా ఇవ్వండి. మీ దగ్గర ఉంచుకునే కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. మేనేజరుతో నోటిమాటగా మాట్లాడుకుంటూ నెలలు గడిపేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, బీమా ఫిర్యాదులను విచారించే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించండి. ఆంధ్రప్రదేశ్‌కు, తెలంగాణకు ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. బ్యాంకు తీరు మీద రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్లో ఫిర్యాదు చేయవచ్చు.

అక్కడ న్యాయం జరగకపోతే, మీ నాన్నగారు నివసించే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో బ్యాంకును, కంపెనీని ఇద్దరినీ చేర్చి కేసు వేయవచ్చు. అయితే కేసు ముందే వేసేస్తే బీమా అంబుడ్స్‌మన్ మీ ఫిర్యాదు తీసుకోరు. కాబట్టి వరుస తప్పకండి.

ఒక సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. అది యులిప్ పాలసీ (ప్రీమియంలో కొంత మార్కెట్లో పెట్టుబడి పెట్టేది) అయితే, మార్కెట్ లాభం కోసం పెట్టిన డబ్బు కాబట్టి మీరు వినియోగదారులే కారని కంపెనీ వాదిస్తుంది. అందుకే లాభం తగ్గిందని ఫిర్యాదులో ఎక్కడా రాయకండి. డిపాజిట్ అని చెప్పి పాలసీ అంటగట్టారన్న ఒక్క మాట మీదే నిలబడండి.

రెండో ప్రీమియం అప్పుచేసి కట్టకండి. సరెండర్ చేస్తే, అంటే పాలసీని మధ్యలోనే వదులుకుంటే ఎంత వస్తుందో రాతపూర్వకంగా తెలుసుకోండి కానీ, 'పూర్తి సంతృప్తితో తీసుకుంటున్నాను' అన్న కాగితం మీద మాత్రం సంతకం వద్దు. వినియోగదారుల కేసుకు గడువు రెండేళ్లు. మోసం ఇప్పుడే తెలిసిందని వాదించవచ్చు గానీ, ఆ వాదన మీద ఆధారపడకుండా డబ్బు కట్టిన తేదీ నుంచే లెక్కపెట్టుకోండి. ఏడాది అయిపోయింది కనుక మీ చేతిలో ఉన్నది ఇంకో ఏడాదే.