శాలువాల డబ్బుతో బస్సు మాట్లాడండి

ప్రశ్న: మేడం, నేను చిత్తూరు జిల్లా పూతలపట్టు మండలంలోని మా ఊరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చదివాను. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. అదే బడిలో చదివిన ఆరుగురం కలిసి పదో తరగతి పిల్లలకు ‘పది తర్వాత ఏం చదవాలి’ అని ఒకరోజు కార్యక్రమం పెట్టాలనుకుంటున్నాం. ప్రధానోపాధ్యాయులు ఒప్పుకున్నారు. 15,000 రూపాయలు పోగయ్యాయి. ఒక పెద్ద అధికారిని ముఖ్య అతిథిగా పిలిచి, ప్రొజెక్టర్ మీద కోర్సులన్నీ చూపించి, జనవరి నెలాఖరులో జరపాలని ఆలోచన. ఏమైనా మార్చుకోవాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మార్చుకోవలసినవి ఉన్నాయి. ముందు నా సంగతి ఒకటి వినండి. పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్లు ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పి రిటైరైన ఏడాది, పాకాల వైపు ఒక బడికి ముఖ్య అతిథిగా వెళ్లాను. గంటన్నర మాట్లాడాను. ఐఐటీ మొదలుకొని విమానయానం దాకా దేన్నీ వదల్లేదు. ప్రశ్నలున్నాయా అంటే ఒక్క చెయ్యీ లేవలేదు. శాలువా చంకన పెట్టుకుని గేటు దాకా వచ్చాక ఒక పాప వెంటే వచ్చి మెల్లగా అడిగింది: ‘మేడం, తిరుపతి హాస్టల్లో చేరితే నెలకు ఎన్నిసార్లు ఇంటికి పంపుతారు? ఆవుల దగ్గర మా అమ్మకు నేనే సాయం.’ నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి ఏ బడికి పిలిచినా ముందు ఆ ఊరి బస్సు వేళలు కనుక్కుని బయలుదేరుతున్నాను.

జనవరి వద్దు. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. సంక్రాంతి దాటాక ఉపాధ్యాయులకు ఊపిరి సలపదు, పిల్లల చెవికి ఏదీ ఎక్కదు. నవంబరులో పెట్టుకోండి. మనవైపు అది వానల నెల కాబట్టి షామియానా జోలికి పోకుండా తరగతి గదిలోనే కూర్చోబెట్టండి. ఇంకో లాభం కూడా ఉంది. పరీక్షకు పిల్లల వివరాలు పంపే ముందే ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోతున్నాయో లేదో చూడవచ్చు. పదో తరగతి సర్టిఫికెట్‌లో పడిన తప్పు ఆ తర్వాత ప్రతి దరఖాస్తులోనూ అడ్డు తగులుతుంది. మీలో ఇద్దరు ఆ రోజంతా ఈ పని మీదే కూర్చున్నా దండగ కాదు.

తల్లులను తప్పకుండా పిలవండి. అమ్మాయి ఎక్కడ చదవాలో తేలేది మీ ప్రొజెక్టర్ ముందు కాదమ్మా, రాత్రి అన్నాల దగ్గర. పొద్దున, సాయంత్రం పాలు పోయాలి కనుక వాళ్లు తీరికగా రాగలిగేది పదకొండుకూ మూడుకూ మధ్య. అన్నం పెట్టండి. ఫ్లెక్సీ, శాలువాలు, మెమెంటోలు, పూలదండలు మానేస్తే మీ పదిహేను వేలలో భోజనాలు పోను ఇంకా మిగులుతుంది.

అధికారిని పిలవవద్దని అనను. వస్తే పది నిమిషాలు మాట్లాడి వెళ్లనివ్వండి. మిగతా సమయం మీ బడిలోనే చదివినవాళ్లకు ఇవ్వండి. ఐటీఐలో ఫిట్టర్ చేసి శ్రీసిటీ పారిశ్రామికవాడలో పనిచేస్తున్న కుర్రవాడు, నర్సుగా ఉన్న అమ్మాయి, లైన్‌మన్, పశువుల ఆసుపత్రిలో సహాయకుడు దొరికితే చాలు. ఎంత ఖర్చయింది, మొదటి జీతం ఎంత, ఎక్కడ దెబ్బతిన్నారు అన్న మూడే చెప్పమనండి. నీతులు చెప్పవద్దని ముందే బతిమాలుకోండి, మైకు దొరికితే మనవాళ్లు ఆగరు.

కోర్సులన్నీ చూపిస్తామన్నారు. ఇంటర్ గ్రూపుల గురించి పిల్లలకు ఎలాగూ తెలుసు, త్వరగా ముగించండి. వాళ్లకు సరిగా అందనివి మరికొన్ని ఉన్నాయి. పాలిటెక్నిక్ డిప్లొమాలో చేరడానికి రాసే పాలిసెట్‌లో ప్రశ్నలు పదో తరగతి పాఠాల నుంచే వస్తాయి. మొత్తం 120 మార్కుల్లో గణితానికే 50. మూడేళ్ల డిప్లొమా అయ్యాక ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరవచ్చు. ఈ ఒక్క మాట తెలియకే ఎంతోమంది తండ్రులు ‘డిప్లొమానా, ఇంజనీరింగా’ అని తల పట్టుకుంటారు. మన రాష్ట్ర ఆర్జీయూకేటీ ట్రిపుల్ ఐటీలలో ప్రవేశం పదో తరగతి మార్కులతోనే, చదువు ఆరేళ్లు. మనకు దగ్గరిది కడప జిల్లా ఇడుపులపాయలో ఉంది. ఆవుల మధ్య పెరిగిన పిల్లలకు వెటర్నరీ విశ్వవిద్యాలయం వారి రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా ఉంది. బొమ్మలు బాగా గీసే పిల్లవాడు ప్రతి తరగతిలోనూ ఒకడుంటాడు, లెక్కల నోటు వెనక పేజీలు చూస్తే దొరికిపోతాడు. వాడికి తిరుపతిలో దేవస్థానం నడిపే శిల్ప శిక్షణ సంస్థ గురించి చెప్పండి. రాతి శిల్పం, చిత్రలేఖనం, కలంకారీ అక్కడ నేర్పుతారు.

ఇక ఆడపిల్లల రాకపోకలు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఛార్జీ లేదు కాబట్టి చిత్తూరుకో తిరుపతికో రోజూ వెళ్లి రావడానికి ఖర్చు అడ్డు కాదు. అడ్డు పడేది వేళలు. తొలి బస్సు ఎన్నింటికి, సాయంత్రం ఆఖరి బస్సు ఎన్నింటికి, దిగిన చోటి నుంచి ఊళ్లోకి ఎంత నడక? బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించండి. తల్లులు మొదట చదివేది అదే.

ప్రశ్నలు చీటీల మీద పేరు లేకుండా రాయించుకోండి. ఒకసారి నాకు వచ్చిన చీటీల్లో సగం డబ్బు గురించి, నాలుగైదు పెళ్లి గురించి ఉన్నాయి. ‘పద్దెనిమిది నిండకుండా పెళ్లి చట్టప్రకారం నేరం’ అని తల్లుల ఎదుటే చదివి చెప్పాను. గదిలో చప్పుడు లేదు. కానీ వెనక బెంచీలో ఒక అమ్మాయి తలెత్తి చూసింది.

ప్రైవేటు కాలేజీల పీఆర్వోలను మాత్రం గేటు దగ్గరే ఆపండి. భోజనాల ఖర్చు మాది అంటూ వస్తారు, సాయంత్రానికి పిల్లల ఫోను నంబర్లన్నీ వాళ్ల పుస్తకంలో ఉంటాయి.

మిగిలిన డబ్బుతో, ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకుని, మరో రోజు ఒక బస్సు మాట్లాడి ఏదైనా పాలిటెక్నిక్ వర్క్‌షాపుకు తీసుకువెళ్లండి. లేత్ యంత్రం మీద ఇనుము చుట్టలు చుట్టలుగా రాలడం చూసిన పిల్లవాడికి ‘మెకానికల్’ అంటే ఏమిటో నేను వివరించనక్కర లేదు.

మీరు ఉత్తరంలో రాయని సంగతి ఒకటుంది. తప్పిన పిల్లల మాటేమిటి? ఇలాంటి సభల్లో వాళ్ల ఊసే ఎవరూ ఎత్తరు. సప్లిమెంటరీ ఉందని, అందులో గట్టెక్కినవాడు అదే ఏడాది ఇంటర్‌లో చేరవచ్చని, ఓపెన్ స్కూల్ దారి కూడా ఉందని ఆ రోజే అందరి ఎదుటా చెప్పండి. వీలైతే ఒకసారి తప్పి నిలదొక్కుకున్న పూర్వ విద్యార్థితోనే చెప్పించండి. ఫలితాలు వచ్చే రోజు మీ ఆరుగురిలో ఇద్దరు సెలవు పెట్టుకోండి. మంచి మార్కులు వచ్చినవాళ్లు వాళ్లే మీకు ఫోన్ చేస్తారు. తప్పినవాళ్లకు మాత్రం ఆ సాయంత్రమే మీరు చేయాలి, సప్లిమెంటరీ ఫీజు గడువు కొద్ది రోజులే ఉంటుంది.