ఏజెన్సీకి 25 శాతం సరే, దేనిమీద 25 శాతం?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక చెల్లెమ్మ రాశారు. వంటల రీల్స్ చేస్తారు, ఇన్‌స్టాలో లక్షా ఎనభై వేల మంది ఫాలోవర్లు, యూట్యూబ్ ఛానల్ కూడా ఉంది, అత్తగారితో కలిసి ఆవకాయ, గోంగూర పట్టి గుంటూరు, విజయవాడ వరకు అమ్ముతున్నారు. పోయినేడు బ్రాండ్ డీల్స్ మీద 6 లక్షలు, యూట్యూబ్ యాడ్స్ మీద 2 లక్షలు వచ్చాయట, పచ్చళ్ళ అమ్మకం 4 లక్షలు. ఇప్పుడు హైదరాబాద్ ఏజెన్సీ ఒకటి మూడేళ్ళ ఎక్స్‌క్లూజివ్ అగ్రిమెంట్ (అంటే ఇంకెవరి ద్వారా డీల్స్ తీసుకోకూడదు అని) పంపింది, కమీషన్ 25 శాతం, నెలాఖరులోపు సంతకం పెట్టమంటున్నారు. ఇంకోపక్క విజయవాడలో ఉండే బాబాయి కొడుకు, 10 శాతం ఇవ్వు చాలు అక్కా నేనే చూసుకుంటా అంటున్నాడు. ఎవరికివ్వమంటారు అని అడిగారు.

అమ్మా, మీరు పంపిన అగ్రిమెంట్ మొత్తం చదివాను. ఈ రూపంలో అయితే సంతకం పెట్టొద్దు. ఏజెన్సీ మోసం అని కాదు నేననేది, మంచి మేనేజర్ దొరికితే నిజంగానే రేటు పెరుగుతుంది, బ్రాండ్ వాళ్ళతో బేరం మీరే ఆడితే మొహమాటానికి పోయి తగ్గించేసుకుంటారు, అది నేను చాలామంది దగ్గర చూశాను. కానీ మీ అగ్రిమెంట్‌లో కమీషన్ వాళ్ళు తెచ్చిన డీల్స్ మీద అని లేదు, క్రియేటర్ పేరు మీద డిజిటల్‌గా వచ్చే ప్రతి ఆదాయం మీద అని ఉంది. అంటే యూట్యూబ్ యాడ్స్ డబ్బు కూడా, వాట్సాప్‌లో ఆర్డర్ తీసుకున్న గోంగూర సీసా కూడా.

లెక్క వేద్దాం. మీకొచ్చేది మొత్తం 12 లక్షలు, అందులో 25 శాతం అంటే 3 లక్షలు. దానిమీద ఏజెన్సీ 18 శాతం జీఎస్టీ వేస్తుంది, అది ఇంకో 54,000, మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి మీరు కట్టిన ఆ పన్ను మీకు సర్దుబాటు కాదు. చేతికి మిగిలేది 8 లక్షల 46 వేలు. ఇవాళ్టి 12 లక్షలు మళ్ళీ మీ చేతికి రావాలంటే మొత్తం ఆదాయం 17 లక్షలు దాటాలి, అంటే బ్రాండ్ డీల్స్ ఒక్కటే 6 లక్షల నుంచి 11 లక్షలకు ఎదగాలి, అప్పటికి మీకు అదనంగా ఒక్క రూపాయి కూడా మిగిలినట్టు కాదు, ఉన్న చోటే ఉన్నట్టు. పైగా పచ్చళ్ళ 4 లక్షలు అమ్మకమే గానీ లాభం కాదు కదా, మామిడికాయ, నూనె, కారం, సీసాలు, కొరియర్ పోను మీకు మిగిలేదే పాతిక శాతం లోపయితే ఆ వ్యాపారం మొత్తం వాళ్ళకోసం చేసినట్టే.

అదే వాళ్ళు కొత్తగా తెచ్చిన డీల్స్ మీద మాత్రమే 20 శాతం అనుకోండి. ఏడాదికి 4 లక్షల డీల్స్ తెచ్చారు, కమీషన్ 80,000, జీఎస్టీ 14,400, మీకు పైన 3 లక్షల 5 వేలు మిగిలాయి. ఇది ఇద్దరికీ బాగుండే ఒప్పందం. కాబట్టి శాతం 25 నుంచి 20కి దించడం కోసం గొడవపడటం కన్నా, దేనిమీద అన్నదానికి గట్టిగా నిలబడండి.

రెండోది, డబ్బు దారి. బ్రాండ్ నుంచి డబ్బు వాళ్ళ అకౌంట్‌కి వెళ్ళి, వాళ్ళు కోసుకుని మీకు పంపడం నాకు అస్సలు నచ్చలేదు. ఈ ఫీల్డ్‌లో జరిగేదేంటంటే బ్రాండ్ 80,000 ఇస్తుంది, మీకు 50,000 అని చెప్తారు, దాంట్లో మళ్ళీ 25 శాతం తీసుకుని 37,500 వేస్తారు, అంటే అసలు డబ్బులో సగం పైనే పోయింది, మీకు తెలిసే దారి లేదు. అందుకని ఇన్‌వాయిస్ మీ పేరు మీదే బ్రాండ్‌కి వెళ్ళాలి, కమీషన్ బిల్లు వాళ్ళు మీకు వెయ్యాలి. వాళ్ళ సిస్టమ్ అలా కుదరదంటే కనీసం ప్రతి డీల్‌కీ బ్రాండ్ ఇచ్చిన పీవో (పర్చేజ్ ఆర్డర్) కాపీ మీకివ్వాలి, మెయిల్స్‌లో మిమ్మల్ని సీసీ పెట్టాలి, బ్రాండ్ డబ్బు వేసిన ఏడు రోజుల్లో మీకు రావాలి అని రాయించుకోండి. ఇన్‌వాయిస్ మీదయితే టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) కూడా మీ పాన్ మీదే పడుతుంది, ఇన్‌కంటాక్స్ పోర్టల్‌లో ఏఐఎస్ (మీ పాన్ మీద నమోదైన ఆదాయాల పట్టీ) తీసి చూసుకోవచ్చు. ఫ్రీగా వచ్చే మిక్సీలు, ఫోన్లు కూడా ఆదాయమేనమ్మా, ఒక కంపెనీ ఏడాదిలో 20,000 దాటి వస్తువులిస్తే 10 శాతం టీడీఎస్ కట్టాలని 2022 జూలై నుంచి రూల్ ఉంది, షూట్ అయ్యాక తిరిగి ఇచ్చేస్తే అది మీ లెక్కలోకి రాదు.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయ్యే 20 లక్షల పరిమితి అంటే బ్రాండ్, యూట్యూబ్, పచ్చళ్ళు అన్నీ ఒకే పాన్ మీద కలిపి చూస్తారు, గూగుల్ డబ్బు ఫారిన్ నుంచి వస్తుంది కదా లెక్కలోకి రాదు అనుకోకండి, వస్తుంది. పచ్చళ్ళు తెలంగాణకి, బెంగుళూరుకి పంపడం మొదలుపెట్టే ఆలోచన ఉంటే ముందు సీఏని కలవండి, సరుకు వేరే రాష్ట్రానికి అమ్మితే 20 లక్షలు వచ్చేదాకా ఆగకుండా ముందే రిజిస్ట్రేషన్ తీసుకోవాలి.

ఇక అగ్రిమెంట్‌లో నన్ను భయపెట్టిన లైను 11వ క్లాజు, మీ తరఫున ఏ ఒప్పందం మీదైనా వాళ్ళు సంతకం పెట్టొచ్చు అని. అది తీయించండి, తీయకపోతే మొత్తం వదిలేయండి. రేపు ఏదో బెట్టింగ్ యాప్ డీల్ పట్టుకొచ్చి మీ పేరుతో ఓకే చేస్తే మొహం మీది, కేసు మీది. 2025 మార్చిలో హైదరాబాద్‌లో బెట్టింగ్ యాప్స్ ప్రమోట్ చేశారని ఎంతమంది క్రియేటర్ల మీద కేసులు పెట్టారో చూశారుగా, ఆ ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంలో అయితే డబ్బు పెట్టి ఆడే ఆటలకి యాడ్ చేస్తే రెండేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. తప్పుదారి పట్టించే యాడ్ అయితే 2019 వినియోగదారుల చట్టం కింద 10 లక్షల దాకా వేయొచ్చు. ఏ బ్రాండైనా వద్దనే హక్కు మీ చేతిలోనే ఉండాలి.

మూడేళ్ళు కూడా ఎక్కువే. ఆరు నెలలు, నాన్ ఎక్స్‌క్లూజివ్‌గా మొదలుపెట్టండి, 30 రోజుల నోటీస్‌తో ఎవరైనా బయటికి రావొచ్చు, వచ్చేశాక వాళ్ళు అప్పటికే మాట్లాడి పెట్టిన డీల్స్ మీద ఇంకో ఆరు నెలలు కమీషన్ ఇవ్వడం న్యాయమే. పాస్‌వర్డ్‌లు ఇవ్వొద్దు. రీల్‌ని బ్రాండ్ ఎన్నాళ్ళు, ఎక్కడ వాడుకోవచ్చో ప్రతి డీల్‌లో రాయించాలి, మూడు నెలలు ఇన్‌స్టాలో అంటే మూడు నెలలే, ఆ తర్వాత టీవీలో వేసుకోవాలంటే వేరే డబ్బు. ఏమీ రాయకుండా వదిలేస్తే కాపీరైట్ చట్టం ప్రకారం ఐదేళ్ళ గడువు అనుకుంటారు, మీకు వచ్చే నష్టం చాలా పెద్దది.

మీ తమ్ముడి సంగతి. బ్రాండ్లతో పరిచయాలు లేవని మీరే రాశారు, కాబట్టి డీల్స్ తేవడం అతని పని కాదు. కానీ మెయిల్స్‌కి రిప్లై ఇవ్వడం, డేట్లు చూడటం, పేమెంట్ కోసం వెంటపడటం చేస్తానంటే నెలకింత అని జీతం ఇవ్వండి, శాతం వద్దు. చుట్టరికంలో శాతాల లెక్క వస్తే పండక్కి ఒకరింటికి ఒకరు వెళ్ళడం మానేస్తారు. జీతమైనా సరే ఒక పేజీ కాయితం మీద రాసుకోండి.

ఈ వారంలో చెయ్యాల్సింది రెండే. గుంటూరులోనే కాంట్రాక్టులు చూసే లాయర్ దగ్గరికి ఈ అగ్రిమెంట్ తీసుకెళ్ళి ఒక్కసారి ఫీజు కట్టి మార్పులు రాయించండి, నేను చెప్పినవి ఆయనకి చూపించండి. తర్వాత ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే నమోదు) చేసుకోండి, ఫ్రీ, ఆధార్, పాన్ చాలు. అది ఉంటే బ్రాండ్ 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలి, లేటయితే వడ్డీతో అడగొచ్చు, ఇవ్వకపోతే ఫిర్యాదు మన రాష్ట్రంలో చిన్న వ్యాపారుల బాకీలు చూసే కౌన్సిల్‌లోనే వేసుకోవచ్చు, ముంబై, ఢిల్లీ తిరగక్కర్లేదు.

ఏజెన్సీకి మార్పులు పంపేటప్పుడు వాళ్ళ దగ్గర్నుంచి బయటికొచ్చేసిన ఇద్దరు క్రియేటర్ల నంబర్లు కూడా అడగండి. ఇచ్చారంటే ఫోన్ చేసి, పేమెంట్ ఎన్ని రోజులకి వేసేవాళ్ళు అని అడిగి కనుక్కోండి. నెలాఖరు గడువు దాటిపోతుందని కంగారు పడొద్దు, వాళ్ళకి మీరు నిజంగా కావాలనుకుంటే వచ్చే నెల ఐదో తారీఖున కూడా కావాలి.